సేవ నుంచి చదువుకు
(దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మృత్యర్థం చేసిన ఉపన్యాస పాఠం)

దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మృతికి అంకితమైన ఈ సభలో అధ్యాపకులు, జాతీయ సేవా పథకం కార్యక్రమాధికారులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలతో పాటు విద్యార్థులు ఇంత పెద్ద సంఖ్యలో ఆసీనులై ఉండడం ఆమెకు తగిన నివాళి. 1909 జూలై 15న రాజమహేంద్రవరంలో జన్మించి 1981 మే 9న కన్నుమూసిన ఆమెను దేశం రాజ్యాంగ సభ సభ్యురాలిగా, ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలిగా, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి తొలి అధ్యక్షురాలిగా స్మరించుకొంటుంది. ఆ పదవుల చరిత్రను ఈ సభికులకు మరొకసారి వివరించవలసిన అవసరం లేదు. పదవులేవీ లేని చిన్న వయసులోనే సేవకు పూనుకొన్న దుర్గాబాయి ఆ సేవ వల్ల ఎటువంటి విద్యార్థినిగా రూపొందారన్న విషయాన్ని ఆధారంగా తీసుకొని, సమాజసేవ విద్యార్థి జీవితంలో తెచ్చే మార్పు స్వభావమేమిటో పరిశీలించడం ఈ ఉపన్యాస లక్ష్యం.

తాను నేర్చుకొన్న హిందీని బాలికలకు, స్త్రీలకు నేర్పడానికి బాల్యంలోనే పాఠశాల నడిపిన దుర్గాబాయి, 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర స్వచ్ఛంద సేవికగా నిలబడి, టిక్కెట్టు లేని జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి పోనివ్వకపోవడం తెలుగు దేశమంతా చెప్పుకొనే సంగతి. అంతగా ప్రచారంలోకి రాని మరొక సంగతి ఈ చర్చకు ఇంకా ముఖ్యమైనది. ఉప్పు సత్యాగ్రహ కాలంలో జైలుకు వెళ్ళిన ఆమెకు అక్కడ శిక్ష అనుభవిస్తున్న నిరక్షరాస్య స్త్రీలతో పరిచయమయింది. తమ మీద మోపిన నేరమేమిటో, న్యాయస్థానంలో ఏం జరిగిందో సరిగా తెలియకుండానే ఖైదీలైన ఆ స్త్రీల కథలు విన్న తరువాతనే న్యాయశాస్త్రం చదవాలన్న సంకల్పం ఆమెలో స్థిరపడింది. అప్పటికి ఆమె మెట్రిక్యులేషన్ కూడా పూర్తిచేయలేదు. విడుదలయ్యాక బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్‌కు ప్రైవేటుగా చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రాజనీతిశాస్త్రం అభ్యసించి, మద్రాసులో న్యాయశాస్త్ర పట్టం అందుకొనేనాటికి 1942వ సంవత్సరం వచ్చింది.

చదువుకూ సేవకూ ఉన్న సంబంధాన్ని లోకం సాధారణంగా ఒక వరుసలో ఊహిస్తుంది. ముందు చదువు, తరువాత ఉద్యోగం, ఆ తరువాత తీరిక చిక్కితే సమాజానికి కొంత తిరిగి ఇవ్వడం. దుర్గాబాయి జీవితంలో ఈ వరుస తారుమారైంది. చట్టం తెలియనందువల్ల మనుషులు ఏమవుతారో కళ్ళారా చూసిన తరువాత ఆమె చట్టాన్ని చదివారు గనుక, ప్రతి పాఠ్యగ్రంథం వెనుకా ఆమెకు కొన్ని ముఖాలు కనిపించి ఉండాలి. సేవ విద్యార్థికి దయను నేర్పవచ్చు, క్రమశిక్షణను, బృందంలో పనిచేసే అలవాటును నేర్పవచ్చు. అయితే అది తెచ్చే అన్నిటికంటే లోతైన మార్పు, విద్యార్థి తన చదువును అడిగే ప్రశ్నలో వస్తుందన్నది ఈ ఉపన్యాసం ప్రతిపాదించే సిద్ధాంతం. ఎదుటి మనిషి ఎందుకిలా ఉన్నాడని అడిగే విద్యార్థి, ఈ పరిస్థితి ఎట్లా తయారవుతున్నదని అడగడం ప్రారంభించిన నాటినుంచి అతని చదువు మరొక దారి పడుతుంది.

ఈ మార్పుకు ఆధునిక చరిత్రలో స్పష్టమైన తొలి సాక్ష్యం లండన్ నగరపు తూర్పు భాగంలో దొరుకుతుంది. 1884లో శామ్యూల్ బార్నెట్ అనే మతాచార్యుడు అక్కడి వైట్‌చాపెల్ ప్రాంతంలో టాయిన్‌బీ హాల్‌ను నెలకొల్పాడు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల పట్టభద్రులు పేదల మధ్య నివాసముంటూ, వారికి చదువు చెబుతూ, వారి సమస్యలను అధ్యయనం చేసే ఇటువంటి కేంద్రాలను సెటిల్‌మెంట్లు అన్నారు. పేదరికం వ్యక్తి శీలలోపమని, సోమరితనం వల్లనే నిరుద్యోగం వస్తుందని పెద్దమనుషులు గట్టిగా నమ్ముతున్న కాలమది. 1903లో ఆ సంస్థలో చేరిన విలియం బెవరిడ్జ్, ఓడరేవుల్లో రోజువారీ పని కోసం పడిగాపులు పడే కూలీల బ్రతుకును దగ్గరగా చూసి, నిరుద్యోగానికి మూలం శ్రమ విపణి నిర్మాణంలో ఉన్నదని నిరూపిస్తూ 1909లో గ్రంథం రాశాడు. 1942లో వెలువడిన సాంఘిక భద్రతా నివేదిక ఆయనదే. ఆక్స్‌ఫర్డ్ చదువుకాలంలో సంప్రదాయవాద భావాలున్న క్లెమెంట్ అట్లీ 1905లో తూర్పు లండన్‌లోని పేద బాలుర క్లబ్బులో పనిచేయడానికి వెళ్ళి, అక్కడి అనుభవంతో సోషలిస్టుగా మారి, 1945లో బ్రిటన్ ప్రధానమంత్రి అయ్యాడు. అందరికీ ఉచిత వైద్యం అందించే జాతీయ ఆరోగ్య సేవా వ్యవస్థ 1948లో ఆయన ప్రభుత్వ కాలంలోనే ప్రారంభమైంది. తూర్పు లండన్ వీధులు ఈ ఇద్దరు యువకులకు ఇచ్చినది, వారు ఆ వీధులకు ఆనాడు ఇవ్వగలిగిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. టాయిన్‌బీ హాల్‌ను చూసివచ్చి 1889లో షికాగోలో హల్ హౌస్‌ను స్థాపించిన జేన్ ఆడమ్స్ ఈ సత్యాన్ని దాచలేదు. ఇటువంటి కేంద్రాల అవసరం పేదలకు ఎంత ఉన్నదో, చదువుకొని కూడా జీవితంతో సంబంధం తెగిపోయిన యువతకు అంత ఉన్నదని ఆమె 1892లోనే వాదించింది.

తెలుగునాట ఈ ధార వేరే మార్గాన ప్రవహించింది. 1881లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆయనకు అండగా నిలిచినవారిలో విద్యార్థులున్నారు. కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాల ప్రధానాచార్యులు రఘుపతి వెంకటరత్నం నాయుడు సంఘసంస్కరణను విద్యార్థి శీలనిర్మాణంతో జోడించి ఒక తరాన్ని తీర్చిదిద్దారు. 1907లో బిపిన్ చంద్రపాల్ పర్యటనానంతరం వందేమాతర ఉద్యమంలో పాల్గొన్నందుకు రాజమహేంద్రవరంలో చదువుకు దూరమైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు, ఆ తరువాత గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకు జీవితాన్ని ధారపోశారు. లండన్ యువకులు తమకంటే భిన్నమైన వర్గం దగ్గరికి వెళ్ళగా, ఇక్కడి విద్యార్థులు చాలావరకు తమ ఇంటి ఆచారాన్ని, తమ వీధి కట్టుబాటును ఎదిరించవలసి వచ్చింది. సేవకు వెళ్ళడమంటే దూరప్రయాణమే కానక్కరలేదన్న విషయం ఈ చరిత్రలో ఇమిడి ఉన్నది.

స్వాతంత్ర్యానంతరం ఈ ఆలోచన ప్రభుత్వ విధానంగా మారడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. అంతకుముందు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం, విద్యాసంస్థలలో స్వచ్ఛంద ప్రాతిపదికన జాతీయ సేవను ప్రవేశపెట్టాలని సూచించింది. 1959లో ఇదే విషయం మీద నియమించిన సంఘానికి అధ్యక్షత వహించినవారు దుర్గాబాయి భర్త చింతామణి దేశ్‌ముఖ్. ఉన్నత పాఠశాల ముగించి కళాశాలలో చేరదలచిన ప్రతి విద్యార్థీ తొమ్మిది నెలలనుంచి ఏడాది వరకు తప్పనిసరిగా జాతీయ సేవ చేయాలని ఆ సంఘం సిఫారసు చేసింది. ఖర్చు దృష్ట్యా, అమలులోని చిక్కుల దృష్ట్యా ప్రభుత్వం దాన్ని అంగీకరించలేదు. ఇతర దేశాల అనుభవాలను అధ్యయనం చేసిన కె.జి. సైయిదైన్ మాత్రం సేవను సాధ్యమైనంతవరకు స్వచ్ఛందంగానే ఉంచాలని అభిప్రాయపడ్డారు. కొఠారీ విద్యా సంఘం విద్యలోని అన్ని దశలలోనూ సంఘసేవకు చోటు కల్పించాలన్నది. చివరకు గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, నాటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాలలో జాతీయ సేవా పథకాన్ని ప్రారంభించారు. విద్యార్థి రెండేళ్ళలో 240 గంటలు సేవ చేయడం, ఒక గ్రామాన్నో మురికివాడనో దత్తత తీసుకోవడం, అక్కడ ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో నివసించడం ఈ పథకానికి ప్రాణం. నిర్బంధమా, స్వచ్ఛందమా అన్న ఆనాటి వివాదం ముగిసిపోయిందని భావించడం పొరపాటు. అది ఇప్పుడు మరొక రూపంలో తిరిగి వచ్చింది.

సేవ నిజంగా మనిషిని మారుస్తుందా, లేక మారడానికి సిద్ధంగా ఉన్నవారే సేవకు వస్తారా అన్న సందేహం న్యాయమైనది. దీనికి సమాధానం చెప్పగల అరుదైన అవకాశం అమెరికాలో ఏర్పడింది. 1964 వేసవిలో మిసిసిపీ రాష్ట్రంలోని నల్లజాతి ప్రజలను ఓటర్లుగా నమోదు చేయించడానికి, వారి పిల్లలకు స్వేచ్ఛా పాఠశాలలు నడపడానికి ఉత్తరాది విశ్వవిద్యాలయాల విద్యార్థులు వందల సంఖ్యలో తరలివెళ్ళారు. ఆ వేసవి ప్రారంభంలోనే ముగ్గురు కార్యకర్తలు హత్యకు గురయ్యారు. దరఖాస్తు చేసి, ఎంపికై కూడా ఏదో ఒక కారణంగా వెళ్ళలేకపోయినవారు మరికొందరున్నారు. ఉత్సాహంలో, భావాలలో ఒకే రకమైన ఈ రెండు వర్గాలనూ డగ్ మెక్ఆడమ్ అనే సమాజశాస్త్రవేత్త దాదాపు ఇరవై ఏళ్ళ తరువాత వెదికి పట్టుకొని, వారి జీవితాలను పోల్చి 1988లో గ్రంథం ప్రచురించాడు. వెళ్ళివచ్చినవారు రెండు దశాబ్దాల తరువాత కూడా ప్రజా జీవితంలో ఎక్కువ చురుకుగా ఉన్నారు. వారి ఆదాయాలు తక్కువగా ఉన్నాయి. వివాహబంధంలో స్థిరపడినవారూ తక్కువే. సేవ మనిషిని మారుస్తుందన్న మాటకు ఇది బలమైన ఆధారం. ఆ మార్పుకు విద్యార్థి మూల్యం చెల్లించవలసి ఉంటుందని కూడా ఇదే ఆధారం చెబుతున్నది గనుక, సేవ వల్ల ఉద్యోగాలు సులభంగా వస్తాయని మాత్రమే ప్రచారం చేయడం విద్యార్థులకు సగం నిజం చెప్పడమే. ఆ వేసవిని మిసిసిపీలో గడిపి కాలిఫోర్నియాకు తిరిగివచ్చిన మారియో సావియో, అదే సంవత్సరం బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో వాక్ స్వాతంత్ర్య ఉద్యమానికి ప్రముఖ నాయకుడయ్యాడు. పల్లెలో నేర్చుకొన్న ప్రశ్న విశ్వవిద్యాలయం గుమ్మం ముందే వినిపించింది.

భారతదేశంలోనూ ఇందుకు దగ్గరి సాక్ష్యం ఉన్నది. ఢిల్లీలోని సంపన్న పాఠశాలలు పేద పిల్లలకు కొన్ని స్థానాలు కేటాయించాలన్న నిబంధన 2007లో వచ్చిన తరువాత, వారితో కలిసి చదువుకొన్న ధనిక పిల్లలలో కలిగిన మార్పును ఆర్థికశాస్త్రవేత్త గౌతమ్ రావు పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. పేద పిల్లలతో కలిసి కూర్చున్నవారిలో దాతృత్వం, స్వచ్ఛంద సేవాసక్తి పెరిగాయి. పరుగుపందెంలో జట్టును ఎంచుకొనేటప్పుడు పేద పిల్లల పట్ల వారు చూపే వివక్ష తగ్గింది. ఒకే బల్ల మీద కూర్చోవడమే ఇంత మార్పు తెస్తే, సేవా శిబిరంలో విద్యార్థి ఎక్కడ పడుకొంటున్నాడు, ఎవరి ఇంట భోజనం చేస్తున్నాడు, ఏ బావి నీరు తాగుతున్నాడు అన్నవి చిన్న విషయాలు కావు. భిన్న సమూహాల మధ్య పరిచయం దురభిప్రాయాలను తొలగించాలంటే ఇరుపక్షాలకూ సమాన స్థాయి, ఉమ్మడి లక్ష్యం, పరస్పర సహకారం, సంస్థాగతమైన మద్దతు ఉండాలని గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వవేత్త 1954లోనే సూత్రీకరించాడు. ఊరి పాఠశాల భవనంలో బస చేసి, వెంట తెచ్చుకొన్న వంటమనిషితో వండించుకొని, సాయంకాలం దళితవాడలో పరిశుభ్రత మీద ప్రసంగించి వచ్చే శిబిరంలో ఈ నాలుగింటిలో ఒక్కటీ ఉండదు. అటువంటి శిబిరం కులం మీద విద్యార్థికి ఉన్న పాత అభిప్రాయాలను చెక్కుచెదరకుండా తిరిగి ఇంటికి పంపుతుంది.

ఇక్కడ లోతుగా ఆలోచించవలసిన విషయం మరొకటి ఉన్నది. టాయిన్‌బీ హాల్‌నుంచి వారసత్వంగా వచ్చిన సేవాభావన, చదువుకొన్నవాడు ఒకచోట, పేదవాడు మరొకచోట ఉంటారని ముందే నిర్ణయించుకొన్నది. ఈనాటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ డిగ్రీ కళాశాలల తరగతిగదిలో ఆ దూరం లేదు. వ్యవసాయ కూలీల, చేనేత కార్మికుల, గొర్రెల కాపరుల ఇళ్ళనుంచి మొదటి తరంగా చదువుకు వచ్చిన పిల్లలే అక్కడ అధికం. వారిలో చాలామందికి దత్తత గ్రామం పరాయి ప్రదేశం కాదు, తమ ఊరి వంటిదే. అటువంటి విద్యార్థికి సేవ పేదరికాన్ని పరిచయం చేయదు. పేదరికం అతనికి పుట్టుకతోనే తెలుసు. తన ఇంట్లో తలరాతగా విన్నది పక్క ఊళ్ళోనూ అదే విధంగా ఉన్నదని, దాని వెనుక ఒక కార్యాలయం, ఒక లెక్క, ఒక నిర్ణయం ఉన్నాయని తెలియడం అతనికి సేవ ఇచ్చే విద్య. తన అవ్వకు ఆగిపోయిన పింఛను గురించి ఇంట్లో ఎన్నడూ నోరెత్తని అమ్మాయి, శిబిరంలో పదిమంది వృద్ధుల దరఖాస్తులు నింపి మండల కార్యాలయానికి వెళ్ళివచ్చిన తరువాత, అడగడం తన హక్కేనని గ్రహిస్తుంది. ఇల్లు వదిలి ఒక్క రాత్రి కూడా బయట ఉండడానికి అనుమతి లేని ఆడపిల్లలకు ఏడు రోజుల శిబిరం ఎంత పెద్ద ద్వారమో, దాన్ని దాటినవారికి మాత్రమే పూర్తిగా తెలుస్తుంది.

చదువులోని ప్రశ్న ఎట్లా మారుతుందో నల్లగొండ ఫ్లోరైడ్ నీటి ఉదాహరణతో మరింత స్పష్టమవుతుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించి ఏళ్ళ తరబడి శరీరంలో చేరితే పళ్ళు గారపట్టి, ఎముకలు వంకరపోయే ఫ్లోరోసిస్ వ్యాధి వస్తుంది. దేశంలో ఈ వ్యాధిని తొలిసారి 1937లో నాటి నెల్లూరు జిల్లాలోనే గుర్తించారు. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నల్లగొండ పద్ధతి అనే పేరు 1970లలోనే వచ్చింది. రసాయనశాస్త్ర విద్యార్థి ఫ్లోరైడ్ అయాన్ ధర్మాలను పుస్తకంలో చదివి పరీక్ష రాయగలడు. అతడే ఒక ఊరి బోరుబావుల నీటి నమూనాలను సేకరించి కళాశాల ప్రయోగశాలలో పరీక్షించి, నడుము వంగిపోయిన మనిషి ఎదుట ఆ ఫలితాన్ని చదివి వినిపించవలసి వచ్చినప్పుడు, వ్యాధిని గుర్తించి, విరుగుడు కనిపెట్టి దశాబ్దాలు గడిచినా ఆ మనిషి గ్లాసులోకి మంచినీరు చేరడానికి అంతకాలం ఎందుకు పట్టిందన్న ప్రశ్న అతన్ని వదలదు. ఆ ప్రశ్నకు రసాయనశాస్త్రం ఒక్కటే సమాధానం చెప్పలేదు. భూగర్భశాస్త్రం, పాలనాశాస్త్రం, జిల్లా చరిత్ర, బడ్జెట్ లెక్కలు అన్నీ కావాలి. శాస్త్రాల మధ్య గోడలు కూలాలని విద్యా విధాన పత్రాలు ఎన్నిసార్లు రాసినా కూలనివి ఇక్కడ కూలుతాయి.

ఈ మార్పు తనంతట తాను రాదు. ఒక్కొక్కప్పుడు సేవ హాని కూడా చేస్తుంది. 1968లో మెక్సికోలో అమెరికా విద్యార్థి సేవకుల సభలో ప్రసంగించిన ఇవాన్ ఇల్లిచ్, భాష తెలియని పల్లెలకు వచ్చి ఉద్ధరిస్తామనుకోవడం అహంకారమని తీవ్రంగా మందలించి, నేర్చుకోవడానికైతే రమ్మని, సహాయం పేరుతో రావద్దని చెప్పాడు. ఆయన మాటలు కఠినమైనవే గాని, సేవను బోధించే ప్రతి అధ్యాపకుడూ ఏడాదికొకసారైనా చదవవలసినవి. నిర్బంధం విషయంలో కూడా జాగ్రత్త అవసరం. సేవను తప్పనిసరి చేసినప్పుడు, తమ ఇష్టంతో సంబంధం లేకుండా ఎవరో చేయిస్తున్నారన్న భావన కలిగిన విద్యార్థులలో మళ్ళీ సేవ చేయాలన్న కోరిక తగ్గిపోతున్నదని స్టూకాస్, స్నైడర్, క్లారీ 1999లో ప్రచురించిన పరిశోధన చూపింది. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులందరికీ 180 గంటల సమాజసేవా ప్రాజెక్టును పాఠ్యప్రణాళికలో భాగం చేయడం, విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఇదే దిశలో క్రెడిట్లు సూచించడం ఆహ్వానించదగినవే. దేశ్‌ముఖ్ సంఘం ఆశించిన విస్తృతి వీటి ద్వారా కొంత సాధ్యమవుతుంది. అయితే ప్రతి ఇంటి తలుపు తట్టి ప్రశ్నావళి నింపుకొని, దినచర్య పుస్తకంలో సంతకాలు పెట్టించుకొని, మొక్క నాటుతున్న ఛాయాచిత్రం అతికించడంతో ప్రాజెక్టు పూర్తయితే, ఊరివారు ముడిసరుకుగా మిగులుతారు, విద్యార్థి గుమాస్తాగా మిగులుతాడు. నిర్బంధం వల్ల వచ్చే నష్టాన్ని తగ్గించే మార్గం ఒక్కటే ఉన్నది. ఏ ఊరు, ఏ సమస్య, ఏ పద్ధతి అన్నవి విద్యార్థులూ గ్రామస్థులూ కలిసి నిర్ణయించాలి.

సేవానుభవాన్ని చదువుతో ముడివేసే ఆలోచన ఈ మొత్తంలో అన్నిటికంటే తక్కువగా జరుగుతున్న పని. విద్యార్థి చూసినదాన్ని తిరిగి తలపోసి, సహచరులతో చర్చించి, తన పాఠ్యాంశంతో బేరీజు వేసుకొనే ప్రక్రియను విద్యావేత్తలు పునరాలోచన అంటారు. 1960లలో అమెరికాలో రూపుదిద్దుకొన్న సేవాధారిత అభ్యసనం అనే బోధనా పద్ధతికి మూలస్తంభం ఇదే. తాను కలిసిన స్త్రీకి రక్తహీనత ఎందుకున్నదో చర్చించే సమయం దొరకని విద్యార్థి, ఆమెకు తిండి మీద శ్రద్ధ లేదన్న తీర్పుతో తిరిగి రావడం సులభం. కూలి రేటు, రేషను సరుకులు, ఇంట్లో ఎవరు చివర భోజనం చేస్తారన్న విషయాలు చర్చకు వచ్చినప్పుడే ఆ తీర్పు ప్రశ్నగా మారుతుంది. ఈ చర్చను నడపవలసిన కార్యక్రమాధికారి తన బోధనా భారం ఏమాత్రం తగ్గకుండా, సుమారు వందమంది విద్యార్థుల బాధ్యతను అదనంగా మోస్తున్న అధ్యాపకుడు. ఆ శ్రమకు పాఠ్యబోధనతో సమానమైన గుర్తింపు లభించనంతకాలం ఎంత మంచి పథకమైనా నమోదు పుస్తకాలకే పరిమితమవుతుంది.

నేర్పడానికి వెళ్ళినవారిని ప్రజలు దాటిపోయిన సందర్భం తెలుగు చరిత్రలో ఒకటున్నది. 1990ల ప్రారంభంలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగినప్పుడు వేలాది యువతీయువకులు వేతనం లేకుండా రాత్రి బడులలో స్త్రీలకు చదువు చెప్పారు. అక్షరాలు దిద్దించడం వారి పని. పాఠ్యపుస్తకంలోని సారా కథ చదివిన దూబగుంట స్త్రీలు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. ఆ నిప్పు జిల్లా అంతటా, తరువాత రాష్ట్రమంతటా వ్యాపించి, 1993 అక్టోబరు 1నుంచి సారా నిషేధం అమలులోకి వచ్చింది. అక్షరాలు నేర్పడానికి వెళ్ళిన యువకులు తాము పాఠం చెప్పిన స్త్రీల వెనుక ఊరేగింపులో నడవవలసి వచ్చింది. గురుశిష్య సంబంధం ఈ విధంగా తిరగబడడానికి చోటు ఇచ్చే సేవాకార్యక్రమమే విద్యార్థిని పూర్తిగా మార్చగలదు. అందువల్ల ఇకమీదట సేవా ప్రాజెక్టుల మూల్యాంకనంలో కొంత భాగాన్ని గ్రామసభలకు, మహిళా సంఘాలకు అప్పగించాలని, తమ వద్దకు వచ్చిన విద్యార్థి ఏం విన్నాడో, ఏం అడిగాడో, మళ్ళీ వచ్చాడో లేదో చెప్పే అధికారం వారికి ఇవ్వాలని విశ్వవిద్యాలయాల పాలకమండలులకు ఈ వేదికనుంచి విజ్ఞప్తి చేయడం సముచితం.